వసారా కబుర్లు: ముందు వినాలి, తరువాతే ఆపాలి



కిందటి నెల కబుర్లలో ఈసారి ఊరగాయల సంగతి వ్రాస్తానని మాట యిచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు మన్నించాలి. ఊరగాయ జాడీలో వుంటుంది, ఒక నెల ఆగినా చెడదు. ఈ సంగతి ఆగేది కాదు. ప్రభుత్వం పంపే నోటీసులకు గడువు వుంటుంది మరి.

మా చిన్నాన్నగారి అబ్బాయి ఒకడున్నాడు. నాకు తమ్ముడి వరస, వయస్సు యాభై దాటింది. తాతలనాడే వలస వచ్చి స్థిరపడిన మనవంటి కుటుంబాల్లో వాళ్ళదీ ఒకటి. ఏ రాష్ట్రమో, ఏ ఊరో చెప్పను. చెబితే అది ఒక ఆఫీసు మీద ఫిర్యాదు అవుతుంది, నేను చెప్పదలచిన మాట వెనకబడిపోతుంది. వాడికి రెండో యేట పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. పాతికేళ్ళప్పుడు మిల్లులో పనిచేస్తూ కుడిచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్నాడు. వీధి మూల చిన్న బడ్డీ పెట్టుకుని, తమలపాకులూ బిస్కట్లూ అమ్ముకుంటూ ఇద్దరు ఆడపిల్లలను చదివించాడు. ఆ సంసారానికి నెలనెలా వచ్చే వికలాంగుల పింఛను పెద్ద మొత్తమేమీ కాదు. కాని బియ్యమూ, మందులూ దానిమీదనే గడుస్తాయి.

ఒకనాటి సాయంకాలం వాడు కర్ర ఊతంతో మా వసారా మెట్లెక్కి వచ్చి, చొక్కాజేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, "అక్కయ్యా, ఇదేమిటో చదివి చెప్పు" అన్నాడు.

కాగితం అక్కడి రాష్ట్రభాషలో వున్నది. వాడు ఆ భాష గడగడా మాట్లాడతాడు, బేరాలాడతాడు, అవసరమైతే పోట్లాడతాడు కూడాను. చదువు మాత్రం తెలుగు బళ్ళో అయిదో క్లాసుతో ఆగిపోయింది. ఆ కాగితం ఇంటికి వచ్చి పందొమ్మిది రోజులైందట. ఏదో ప్రభుత్వం వారి కాగితం, భద్రంగా వుండాలని దేవుడి పటం వెనక పెట్టి వుంచాడు. పింఛను రోజున డబ్బు పడకపోయేసరికి దాన్ని తీసుకుని నా దగ్గరకు వచ్చాడు.

అందులో వున్నది ఇది: తమ వైకల్యాన్ని తిరిగి పరీక్షించగా నూటికి 32 పాళ్ళని తేలినది, 40 పాళ్ళకు తక్కువ కనుక పింఛను నిలుపు చేయడమైనది, అభ్యంతరమున్నచో 30 రోజులలో అర్జీ పెట్టుకొనవచ్చును. అంటే పదకొండు రోజులే మిగిలాయి.

"పాత సర్టిఫికెట్టులో ఎంత వుందిరా?" అన్నాను.

"నలభైయేడు."

"మరి పదిహేను పాళ్ళు ఎక్కడికి పోయినట్టు?"

"నాకేం తెలుసు అక్కయ్యా? కాలు పెరగలేదు, వేళ్ళు మొలవలేదు" అన్నాడు.

పరీక్షనాడు ఏం జరిగిందో నిదానంగా అడిగాను. పొద్దుటినుంచీ వరసలో నిలబెట్టారు. మధ్యాహ్నానికి డాక్టరుగారి ఎదుటికి వెళ్ళాడు. "నడవగలవా?" అని ఆయన అడిగితే, "నడవగలనండీ" అని కర్ర గోడకానించి పది అడుగులు నడిచి చూపించాడు. "కర్ర ఎందుకు పక్కన పెట్టావురా?" అంటే, "నలుగురిలో కుంటుతూ నడిస్తే ఏం మర్యాద అక్కయ్యా!" అన్నాడు. ఇక కుడిచెయ్యి సంగతి. ఆ చేతిని భుజంమీది తువ్వాలు కింద దాచుకోవడం వాడికి మిల్లు వదలినప్పటినుంచీ అలవాటు. డాక్టరుగారు కాలు చూశారు, కాలు సంగతే వ్రాశారు. ఆయన దుర్మార్గుడు కాడు. ఆ రోజు ఆయన ఎదుట అటువంటివారు ఎందరో వున్నారు. దాచిన చెయ్యి ఆయనకు కనపడలేదు, అంతే.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మన ఇళ్ళల్లో చాలామందికి ఇది తెలియదు. ఒక మనిషికి రెండు లోపాలున్నప్పుడు వాటి పాళ్ళను ఊరికే కూడరు. పెద్ద అంకెను అలాగే వుంచి, దాన్ని 90లోంచి తీసివేస్తారు. మిగిలినదానితో చిన్న అంకెను హెచ్చవేసి 90తో భాగిస్తారు. వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలుపుతారు. మావాడి కాలు 32, చెయ్యి 24. కూడితే 56 అని మనం అనుకుంటాం. ఈ లెక్క ప్రకారం 90లోంచి 32 పోగా 58, దాన్ని 24తో హెచ్చవేసి 90తో భాగిస్తే సుమారు పదిహేనున్నర, మొత్తం 47. పాత సర్టిఫికెట్టులో వున్న అంకె సరిగ్గా అదే. చెయ్యి వదిలేస్తే 32. పోయిన పదిహేను పాళ్ళూ తువ్వాలు కింద వున్నాయన్నమాట.

మరునాడే అర్జీ వ్రాశాం. పాత సర్టిఫికెట్టు, మిల్లు ప్రమాదం నాటి ఆసుపత్రి చీటీ, చేతి ఎక్స్-రే జతచేశాం. రెండోసారి పరీక్షలో ఇద్దరు డాక్టర్లు చెయ్యీ కాలూ రెండూ చూసి 47 వేశారు. పింఛను తిరిగి వచ్చింది. కాని మధ్యలో నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలల్లో మా మరదలు చెవి కమ్మలు కుదువకు వెళ్ళాయి. బియ్యం కొట్టులో పద్దు పెరిగింది. రెండో పిల్ల కాలేజీ ఫీజు గడువు దాటి జుల్మానా పడింది. తరువాత నాలుగు నెలల బాకీ ఒకేసారి వచ్చిన మాట నిజమే. బాకీ వచ్చింది గాని, కమ్మలమీద వడ్డీ రాలేదు.

నేను చెప్పదలచింది ఇదే. పింఛనుదారులను మళ్ళీ పరీక్షించడం తప్పని నేననను. దొంగ సర్టిఫికెట్లు లేవని ఎవరూ అనలేరు. ఆ దొంగ తినేది అసలైన వికలాంగుడి కూడే. ప్రజలసొమ్ముకు లెక్క చూడవలసిందే. కాని ముందు ఆపి తరువాత వినడం ఒక పద్ధతి, ముందు విని తరువాత ఆపడం మరొక పద్ధతి. ఈ రెండింటి మధ్య ఒక సంసారం కూలిపోయేటంత దూరం వున్నది.

ఈ చిక్కు మన దేశానిదే అనుకోకండి. మన పిల్లలు చాలామంది వెళ్ళి స్థిరపడిన అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడి వైకల్యపు భృతి, పనిచేసిన రోజుల్లో జీతంలోంచి కట్టిన సొమ్ముకు బదులుగా వచ్చేది. జార్జి ఎల్డ్రిడ్జ్ అనే ఆయనకు 1968లో అది మంజూరైంది. 1972లో ఒక ప్రశ్నావళి పంపి, డాక్టర్ల కాగితాలు చూసి, ఇక నీకు వైకల్యం లేదని ఆపివేశారు. "నా మాట ముఖాముఖి వినకుండా ఆపడం న్యాయం కాదు" అని ఆయన కోర్టుకు వెళ్ళాడు. 1976లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఇది డాక్టర్ల కాగితాలమీద తేలే విషయం గనుక ముందుగా ముఖాముఖి విచారణ అక్కరలేదన్నారు. తరువాత గెలిస్తే బాకీ అంతా ఎలాగూ ముట్టుతుంది కదా అన్నారు. ఆ తీర్పుతో ఏకీభవించని న్యాయమూర్తి బ్రెన్నన్ ఒక మాట వ్రాశారు. భృతి ఆగిన కాలంలో ఎల్డ్రిడ్జ్ ఇల్లు తాకట్టులో పోయిందనీ, సామాను ఎత్తుకుపోయారనీ, ఇంటిల్లిపాదీ ఒకే మంచంమీద పడుకోవలసి వచ్చిందనీ గుర్తు చేశారు. అది చదివినప్పుడు నాకు మా మరదలి కమ్మలే కళ్ళముందు కనిపించాయి.

కథ అక్కడితో ఆగలేదు. శాశ్వత వైకల్యం కానివారిని మూడేళ్ళకొకసారి తిరిగి పరీక్షించాలని 1980లో అక్కడ చట్టం వచ్చింది. 1981 మార్చి నుంచి ఆ పరీక్షలు జోరుగా సాగాయి. 1984 నాటికి దాదాపు అయిదు లక్షలమంది పేర్లు కొట్టివేశారు. వారిలో సుమారు రెండు లక్షలమంది అప్పీలు చేసుకుని తిరిగి సంపాదించుకున్నారు. కోర్టులు దావాలతో నిండిపోయాయి. కొన్ని రాష్ట్రాల గవర్నర్లు, పేర్లు కొట్టివేసే పని మేము చేయమని భీష్మించుకు కూర్చున్నారు. చివరకు 1984లో అక్కడి పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఒక సభలో 402, మరొక సభలో 99 ఓట్లు అనుకూలం. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. ఏ విషయంలోనూ కలవని పక్షాలు ఇందులో కలిశాయి.

ఆ చట్టం చెప్పిన ముఖ్యమైన మాటలు రెండు. మొదటిది, మనిషి ఆరోగ్యం మునుపటికంటే మెరుగుపడిందని చూపకుండా భృతి ఆపరాదు. మా తమ్ముడి భాషలో చెప్పాలంటే, వేళ్ళు మొలిచాయని చూపించాలి. రెండవది, అప్పీలు విచారణ ముగిసేవరకు, కోరుకున్నవారికి భృతి నడుస్తుంది. కాని నోటీసు అందిన పది రోజుల్లో ఆ కోరిక తెలియజేయాలి. అప్పీలుకు మాత్రం అరవై రోజుల గడువు వున్నది. ఓడిపోతే మధ్యలో పుచ్చుకున్నది తిరిగి కట్టమని అడగవచ్చును కూడా. అయినా ఆకలి వాయిదా పడదు గనుక, ఇది మంచి ఏర్పాటే.

ఇప్పుడు మన తెలుగునేలకు వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వికలాంగుల పింఛను నెలకు 3,000 రూపాయలనుంచి 6,000కు పెరిగింది. మంచాన పడినవారికి 15,000 అయింది. మొత్తం పెరిగినప్పుడు తనిఖీ రావడం సహజమే. 2025 జనవరిలో పునఃపరీక్షలు మొదలైనాయి. ఆగస్టులో, 40 పాళ్ళకు తక్కువగా తేలినవారికి నోటీసులు వెళ్ళాయి. అటువంటివారి సంఖ్య లక్ష దాటిందని పత్రికలు వ్రాశాయి. ఊరూరా గోల పుట్టింది. అప్పుడు ప్రభుత్వం అప్పీలుకు అవకాశమిచ్చి, అప్పీలు చేసుకున్నవారికి సెప్టెంబరు పింఛను మామూలుగానే ముట్టుతుందని ప్రకటించింది. అమెరికావారు ఏళ్ళతరబడి కోర్టుల చుట్టూ తిరిగి నేర్చుకున్న పాఠం ఇక్కడ కొన్ని వారాల్లో తలకెక్కింది. అది మెచ్చుకోవలసిందే. కాని గోల పుట్టిన తరువాత దయగా ఇచ్చేది వేరు, గోల లేకుండానే నియమంగా వుండేది వేరు. బంధువర్గమూ, పత్రికలూ వెనక లేని ఒంటరి మనిషికి నియమమే దిక్కు.

మన దేశపు చట్టం ఏమంటున్నదో కూడా తెలుసుకుందాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలను పేర్కొన్నారు. చాలా సదుపాయాలకు 40 పాళ్ళు కొలబద్ద. 58వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్టు దేశమంతటా చెల్లుతుంది. బళ్ళారిలో పుచ్చుకున్నది బరంపురంలో చెల్లదనడానికి వీల్లేదు. 59వ సెక్షన్ ప్రకారం, సర్టిఫికెట్టు ఇచ్చే అధికారి నిర్ణయం నచ్చనివారు రాష్ట్రప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారి దగ్గరకు వెళ్ళవచ్చును. సర్టిఫికెట్టుకు అర్హత లేదన్నప్పుడు కారణాలు కాగితంమీద వ్రాసి ఇవ్వాలని నియమాలు చెబుతున్నాయి. ఇక పింఛను మాత్రం ఏ రాష్ట్రంలో కాపురముంటే ఆ రాష్ట్రానిది. కేంద్రం వారి ఇందిరాగాంధీ వికలాంగుల పింఛను, 2009లో మొదలైనది, 80 పాళ్ళు వున్న నిరుపేదలకే. రాష్ట్రాలు తమ తమ కొలతలతో ఇచ్చేవి వేరే వున్నాయి. అందుచేత కర్ణాటకలోనివారు ఆంధ్రలోని మేనమామను చూసి, ఒరిస్సాలోనివారు తమిళనాటి వియ్యపురాలిని చూసి లెక్క వేసుకోరాదు. తమ నోటీసులో ఏముందో అదే చూసుకోవాలి.

ఇక ఇంట్లో చేయవలసినవి, మేము తప్పులు చేసి నేర్చుకున్నవి, నాలుగు చెబుతాను.

ఒకటి. నోటీసు వచ్చినరోజే చదివించుకోవాలి. కవరు మీద వచ్చిన తేదీ వ్రాసుకోవాలి. భద్రం చేయడం వేరు, చదవడం వేరు. దేవుడి పటం వెనక పెట్టినంత మాత్రాన గడువు ఆగదు.

రెండు. సాధారణంగా ఇందులో గుమ్మాలు రెండు వుంటాయి. పాళ్ళు తప్పు వేశారన్నది వైద్యాధికారులమీద అప్పీలు. పింఛను ఆపారన్నది పింఛను ఆఫీసులో అర్జీ. ఒక గుమ్మంలో అర్జీ ఇచ్చి రెండోది మరచిపోతే పని సగమే అవుతుంది. రెండుచోట్లా ఇవ్వాలి, రెండుచోట్లా రశీదు పుచ్చుకోవాలి. పింఛను అర్జీలో, తేలేవరకు పింఛను నడిపించవలసిందని ఒక వాక్యం తప్పక చేర్చాలి. అడిగితే ఇస్తారని భరోసా లేదు, అడగకపోతే మాత్రం ఎవరూ ఇవ్వరు. పరీక్షలో ఏమి వ్రాశారో నకలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చును. దానికి 30 రోజులు పట్టవచ్చును గనుక, అప్పీలు ముందు పడవేసి ఆ తరువాత నకలు అడగాలి.

మూడు. డాక్టరు ఎదుట పరువు పక్కన పెట్టాలి. ఉన్నదానికంటే ఎక్కువ చెప్పడం పాపం, తక్కువ చెప్పడం నష్టం. "నడవగలవా?" అంటే "ఇంత దూరం నడుస్తాను, తరువాత కూర్చోవాలి, రాత్రికి కాలు పీకుతుంది" అని చెప్పాలి. కర్ర, కాలిపర్‌, మందుల చీటీలు, పాత ఎక్స్-రేలు వెంట తీసుకువెళ్ళాలి. లోపాలు రెండుంటే రెండూ నోటితో చెప్పాలి. మానసిక వైకల్యమున్న పిల్లలూ, మాట రానివారూ వున్న ఇళ్ళల్లో తల్లే వెళ్ళాలి; రోజంతా ఏం జరుగుతుందో ఆమెకు తెలిసినట్టు మరొకరికి తెలియదు.

నాలుగు. డబ్బు లేదని వెనకాడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం వికలాంగులకు, వారి ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా వకీలు సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవా సంస్థ వారుంటారు. అర్జీ వ్రాయడానికి కూడా సహాయం అడగవచ్చును.

చివరగా మన సంఘం పెద్దలకు ఒక మనవి. మనం మూడు నాలుగు తరాలుగా ఇక్కడ వున్నాం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీయో. నాలుకకు రెండు భాషలూ వచ్చును గాని, మా తరం వారిలో చాలామందికి కంటికి ఒకటే భాష. పిల్లలకు దానికి తలక్రిందులు. వాళ్ళు రాష్ట్రభాష చదువుతారు, తెలుగు చదవలేరు. అందుచేత తాతగారి నోటీసు తాతగారి పెట్టెలోనే వుండిపోతుంది. మనవడు పక్కగదిలోనే వుంటాడు, అతణ్ణి ఎవరూ అడగరు. సంఘం హాలులో నెలకొక ఆదివారం, ఒక గంటసేపు, చదువుకున్న కుర్రవాళ్ళు ఇద్దరు బల్ల వేసుకుని కూర్చుని, ఎవరి కాగితం వారికి చదివి తెలుగులో చెబితే ఎంత మేలు! పెద్ద ఖర్చు లేదు. సప్తాహాలకూ, ఉగాది పచ్చడికీ కలిసే మనం ఇందుకూ కలవవచ్చును. పిల్లలకు కాస్త తెలుగు కూడా అబ్బుతుంది.

మా తమ్ముడి సంగతి అడుగుతారేమో. మొన్న వచ్చాడు. కమ్మలు ఇంకా విడిపించలేదట, సంక్రాంతికి విడిపిస్తానన్నాడు. తువ్వాలు మాత్రం భుజంమీదనే వున్నది. చెయ్యి బయటే పెట్టుకుని కాఫీ గ్లాసు అందుకున్నాడు. వాళ్ళ వీధిలో మరొకాయనకు కూడా అటువంటి నోటీసు వచ్చిందట. "వచ్చినరోజే తీసుకొచ్చాను అక్కయ్యా" అని జేబులోంచి కాగితం తీశాడు.

ఊరగాయల కబుర్లు వచ్చే నెల, తప్పకుండా.